ఆటోమేటిక్ కారులో గేరు మీట బిగుసుకుపోవడం

ఆటోమేటిక్ కారులో గేరు మీట బిగుసుకుపోవడం అనగా, పాతబడిన ఆటోమేటిక్ గేర్ బాక్సు కార్లలో గేరు మీట (వాడుకలో గేరు రాడ్డు) ఒక స్థానం నుండి మరొక స్థానానికి సులభంగా కదలకపోవడం, లేదా "పి" స్థానంలోనే ఇరుక్కుపోవడం. ఇది చాలావరకు గేర్ బాక్సు లోపలి గేర్లకు సంబంధించిన లోపం కాదు. మీటకూ గేర్ బాక్సుకూ నడుమ ఉండే కేబుల్, బుష్, స్విచ్చి, బ్రేకు తాళం వంటి చిన్న భాగాలలో ఏర్పడే లోపం. కనుక అనేక సందర్భాలలో గేర్ బాక్సును విప్పకుండానే దీనిని సరిచేయవచ్చును.

అయితే ఈ లోపాన్ని తేలికగా తీసుకొనరాదు. బిగుసుకుపోయిన మీటను బలవంతంగా లాగినప్పుడు కేబుల్ సాగడం గాని, బుష్ ఊడిపోవడం గాని జరుగవచ్చును. అప్పుడు మీట చూపించే స్థానం ఒకటి, గేర్ బాక్సు లోపల ఉన్న స్థానం మరొకటి అవుతాయి. "పి"లో ఉన్నదనుకొని డ్రైవరు దిగిపోయిన కారు దొర్లిపోయి ప్రాణాపాయం కలిగించవచ్చును.

ఈ వ్యాసం మీటకూ గేర్ బాక్సుకూ ఉక్కు కేబుల్ లేదా కడ్డీ ద్వారా నేరుగా సంబంధం ఉన్న కార్లకు, ముఖ్యంగా 1980ల నుండి 2000ల వరకు తయారైన వాటికి, వర్తిస్తుంది. విద్యుత్ సంకేతాల ద్వారా గేరు మార్చే కొత్త కార్లలో ఇటువంటి కేబుల్ ఉండదు.

== మీట స్థానాలు ==

* పి (పార్కింగ్): గేర్ బాక్సు బయటి ఇరుసు తిరుగకుండా ఒక ఇనుప కొక్కెం అడ్డుపడుతుంది.
* ఆర్ (రివర్స్): కారు వెనుకకు నడుస్తుంది.
* ఎన్ (న్యూట్రల్): ఇంజనుకూ చక్రాలకూ సంబంధం ఉండదు. కారు అటూ ఇటూ దొర్లగలదు.
* డి (డ్రైవ్): కారు ముందుకు నడుస్తుంది. గేర్లు వాటంతట అవే మారుతాయి.
* 2, ఎల్: ఎత్తుపల్లాలలో వాడే తక్కువ గేర్లు. వీటి పేర్లు కారును బట్టి మారుతాయి.

వెనుకకు నడిపే స్థానానికీ ముందుకు నడిపే స్థానానికీ మధ్య న్యూట్రల్ ఉండి తీరవలెనన్న నియమం అమెరికా వాహన భద్రతా ప్రమాణాలలో 102వ దానిలో ఉన్నది. ఈ ప్రమాణం 1968 నుండి అమలులోకి వచ్చినది.

== చరిత్ర ==

పెద్ద ఎత్తున అమ్ముడైన తొలి పూర్తి ఆటోమేటిక్ గేర్ బాక్సు జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్. ఇది 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చినది. తొలి హైడ్రామాటిక్‌లలో "పి" స్థానం లేదు. ఇంజను ఆపి మీటను రివర్స్‌లో ఉంచి కారును నిలిపేవారు.

"పి" స్థానం వచ్చిన తరువాత మరొక సమస్య తలెత్తినది. మీట "పి"కీ "ఆర్"కీ నడుమ గట్టు మీద ఆగినప్పుడు డ్రైవరుకు అది "పి"లో పడినట్లే తోచవచ్చును. ఇంజను నడుస్తూ ఉంటే ఆ అదురుకు మీట "ఆర్"లోకి జారి, కారు వెనుకకు పోవచ్చును. 1966 నుండి 1980 వరకు తయారైన ఫోర్డు కార్లపై ఇటువంటి ఫిర్యాదులు రావడంతో అమెరికా రహదారి భద్రతా సంస్థ విచారణ జరిపినది. 1980 చివరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం కార్లను వెనుకకు పిలిపించకుండా, సుమారు 2.3 కోట్ల వాహనాల యజమానులకు హెచ్చరిక చీటీలు పంపడానికి ఫోర్డు సంస్థ అంగీకరించినది.

ఆడి 5000 కార్లు నిలిపి ఉంచిన స్థితి నుండి ఒక్కసారిగా దూసుకుపోతున్నాయని 1980లలో ఆరోపణలు వచ్చినవి. 1987లో ఆ సంస్థ, బ్రేకు తొక్కితే తప్ప మీట "పి" నుండి కదలకుండా చేసే తాళాన్ని ఆ కార్లకు అమర్చడం ప్రారంభించినది. ఈ రకం సంఘటనలలో ఎక్కువ భాగం బ్రేకు బదులు యాక్సిలరేటరును తొక్కడం వలన జరిగినవేనని 1989లో అమెరికా రహదారి భద్రతా సంస్థ నివేదిక తేల్చినది. క్రమంగా ఇతర సంస్థలు కూడా ఈ బ్రేకు తాళాన్ని స్వీకరించినవి. "పి" స్థానం గల తేలికపాటి వాహనాలన్నిటికీ ఇది 2010 సెప్టెంబరు 1 నుండి అమెరికాలో తప్పనిసరి అయినది.

ఈ సమస్య పాత కార్లతోనే ముగిసిపోలేదు. గేరు కేబుల్ చివరనుండే బుష్ పాడై ఊడిపోయే అవకాశం ఉన్నదని 2022లో ఫోర్డు సంస్థ అమెరికాలో సుమారు 29 లక్షల వాహనాలను మరమ్మతుకు పిలిపించినది. వేడి, గాలిలోని తేమ ఆ బుష్ పాడవడానికి దోహదం చేయగలవని ఆ సందర్భంలో గుర్తించారు.

== నిర్మాణం, పనిచేసే విధానం ==

క్లచ్ గల సాధారణ కారులో గేరు మీట లోపలి గేర్లను స్వయంగా జరుపుతుంది. అందువలన దానిని కదపడానికి కొంత బలం కావలెను. ఆటోమేటిక్ కారులో మీట చేసే పని వేరు. అది గేర్ బాక్సు లోపల నూనె దారి మార్చే ఒక చిన్న వాల్వును జరుపుతుంది, "పి" స్థానంలో కొక్కెమును దించుతుంది. గేర్లు పట్టించే భారమంతా నూనె ఒత్తిడిదే. కనుక ఆటోమేటిక్ గేరు మీట కొద్దిపాటి బలంతోనే కదలవలెను. చేతి బలమంతా ఉపయోగించవలసి వస్తున్నదంటే దారిలో ఎక్కడో ఏదో పట్టివేసినదని అర్థం.

మీట నుండి గేర్ బాక్సు లోపలి వరకు ఉండే భాగాలు వరుసగా ఇవి:

1. మీట, దాని బటన్: బటన్ నొక్కినప్పుడు లోపలి చిన్న చీల గాడి నుండి తప్పుకొని మీటకు దారి ఇస్తుంది.
2. బ్రేకు తాళం: బ్రేకు పెడల్ తొక్కినప్పుడు సోలినాయిడ్ అనే విద్యుదయస్కాంతం "టక్కు"మని కదిలి మీటను "పి" నుండి విడుదల చేస్తుంది.
3. గేరు కేబుల్: ప్లాస్టిక్ పూత గల గొట్టంలో కదిలే ఉక్కు తీగ. ఇది సైకిల్ బ్రేకు తీగ వంటిదే. కాని సైకిల్ తీగ లాగడానికి మాత్రమే పనికివస్తుంది, గేరు కేబుల్ లాగాలి, నెట్టాలి కూడా. అందువలన ఇది మందంగా, గట్టిగా ఉంటుంది.
4. బుష్‌లు: కేబుల్ రెండు చివరలలో ఉండే ప్లాస్టిక్ లేదా రబ్బరు తొడుగులు.
5. గేర్ బాక్సు బయటి చేయి, దాని ఇరుసు: కేబుల్ ఈ చేతిని జరుపగా ఇరుసు తిరుగుతుంది.
6. స్థాన స్విచ్చి: ఇరుసు చుట్టూ అమర్చి ఉంటుంది. "పి", "ఎన్" స్థానాలలో మాత్రమే ఇంజను స్టార్టు కావడానికి, "ఆర్"లో వెనుక దీపం వెలగడానికి ఇదే కారణం.
7. గాడుల పలక: కోడిజుట్టు ఆకారంలో ఉండే ఇనుప పలక. ఒక స్ప్రింగు దీని గాడులలో పడడం వలననే చేతికి ఒక్కొక్క స్థానం తెలుస్తుంది.
8. పార్కింగ్ కొక్కెం: "పి"లో పళ్ళ చక్రపు సందులోకి దిగి ఇరుసును నిలుపుతుంది.

== లక్షణాలు, కారణాలు ==

మరమ్మతుకు ముందు మీట ఎప్పుడు, ఏ స్థానంలో బిగుస్తున్నదో గమనించవలెను.

=== "పి" నుండి మాత్రమే రాకపోవడం ===

మిగిలిన స్థానాలలో మీట తేలికగా తిరుగుతూ "పి" నుండి మాత్రం రాకపోతే అనుమానించవలసినవి రెండు. మొదటిది బ్రేకు తాళం. దీనికి సంకేతం సాధారణంగా బ్రేకు లైటు స్విచ్చి నుండి వస్తుంది. అందువలన ముందుగా బ్రేకు లైట్లు వెలుగుతున్నవో లేదో చూడవలెను. సాయం చేసేవారు లేనప్పుడు, చీకటి పడిన తరువాత కారు వెనుక భాగాన్ని గోడకు దగ్గరగా నిలిపి బ్రేకు తొక్కితే గోడపై ఎర్రని వెలుగు కనబడుతుంది. లైట్లు వెలగకపోతే ఫ్యూజు గాని బ్రేకు స్విచ్చి గాని పాడై ఉండవచ్చును. లైట్లు వెలుగుతున్నా మీట వద్ద "టక్కు" శబ్దం రాకపోతే సోలినాయిడ్ గాని దాని తీగలు గాని చూడవలెను. బ్యాటరీ పూర్తిగా దిగిపోయినా, తాళంచెవి "ఆన్"లో లేకపోయినా కూడా మీట కదలదు. ఇది లోపం కాదు.

రెండవది వాలు. వాలు మీద హ్యాండ్ బ్రేకు వేయకుండా "పి"లో పెట్టి దిగిపోతే కారు బరువంతా పార్కింగ్ కొక్కెం మీద పడుతుంది. తిరిగి మీటను కదపబోయినప్పుడు అది చాలా బిగుతుగా ఉండి పెద్ద శబ్దంతో ఊడివస్తుంది. సమతల నేలపై మీట మామూలుగా కదిలితే ఇది యంత్రపు లోపం కాదు, నిలిపే పద్ధతిలోని లోపం. మీట బొత్తిగా రాకపోతే కారును మరొక వాహనంతో ఎగువకు కొద్దిగా లాగించి కొక్కెం మీది బరువును తగ్గించవలెను. ఆ సమయంలో డ్రైవరు బ్రేకుపై కాలు ఉంచి సీటులో ఉండవలెను. కారుకు దిగువన ఎవరూ నిలబడరాదు.

=== అన్ని స్థానాలలో బిగుతుగా ఉండడం ===

* కేబుల్ తుప్పు: చివరి రబ్బరు తొడుగు చినిగితే నీరు లోపలికి పోయి తీగ తుప్పుపట్టి ఉబ్బుతుంది. వానకాలంలో తడిసిన సైకిల్ బ్రేకు తీగ బిగుసుకుపోవడం వంటిదే ఇది. సముద్ర తీరంలోను, చలికాలంలో రోడ్లపై ఉప్పు చల్లే దేశాలలోను తుప్పు త్వరగా పడుతుంది.
* కేబుల్‌లో గడ్డకట్టిన నీరు: శీతల దేశాలలో ఉదయం బిగుతుగా ఉండి, ఇంజను వేడెక్కిన తరువాత తేలికపడితే కేబుల్‌లో నీరు ఉన్నదని భావించవచ్చును.
* వేడి: కేబుల్ పొగగొట్టానికి తగిలి లోపలి ప్లాస్టిక్ పూత కరగడం. వేడి రక్షక రేకు ఊడిపోయిన కార్లలోను, గేర్ బాక్సు దించి ఎక్కించినప్పుడు కేబుల్ దారి మారిన కార్లలోను ఇది సంభవిస్తుంది.
* స్థాన స్విచ్చి పట్టివేయడం: స్విచ్చి లోపల తుప్పు, మట్టి చేరి ఇరుసును పట్టుకొంటాయి. 1990ల జీప్ చెరోకీ వంటి వాహనాలలో ఇది మెకానిక్‌లకు బాగా తెలిసిన సంగతి.
* మీట వద్ద మురికి: ఒలికిన కాఫీ, శీతల పానీయాలలోని చక్కెర ఎండి జిగురువలె పట్టుకోవడం, నాణేలు, పెన్నులు సందులో పడడం, పాత గ్రీజు గట్టిపడడం.
* గేర్ బాక్సు లోపలి లోపం: గాడుల పలక, దాని స్ప్రింగు, ఇరుసు దెబ్బతినడం. ఇది అరుదు.

గేర్ బాక్సు నూనె పాతబడడం మీట బిగుసుకుపోవడానికి సాధారణంగా కారణం కాదు. మీట తేలికగా కదిలినా కారు ఆలస్యంగా కదలడం నూనె సమస్య లక్షణం. ఈ రెండింటినీ కలిపి చూడడం వలన నూనె మార్చినా ఫలితం కనబడక యజమానులు నిరాశపడుతుంటారు.

=== మీట ఉన్నట్టుండి మరీ తేలికపడడం ===

కొంతకాలం బిగుతుగా ఉన్న మీట ఒకరోజు అకస్మాత్తుగా వదులుగా తిరిగితే అది బాగైనట్లు కాదు. కేబుల్ తెగినదో బుష్ ఊడినదో అని భావించవలెను. మీట "పి"కి వచ్చినా గేర్ బాక్సు పాత స్థానంలోనే ఉండిపోతుంది. ఈ స్థితిలో హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపి, చక్రాలకు రాళ్ళు గాని చెక్కదిమ్మలు గాని అడ్డుపెట్టి, కారును నడపడం మానివేయవలెను.

== లోపం ఉన్న చోటును కనుగొనుట ==

పని ప్రారంభించే ముందు కారును సమతల నేలపై నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టవలెను. ఇంజను ఆపి, పొగగొట్టం చల్లారే వరకు ఆగవలెను. కారును పైకి ఎత్తినట్లయితే జాకీని మాత్రమే నమ్ముకొని కిందికి దూరరాదు, గట్టి స్టాండ్లు తప్పనిసరి. కేబుల్ విప్పిన తరువాత "పి" స్థానం మీద ఆధారపడరాదు కనుక పని ముగిసేవరకు చక్రాల అడ్డు తీయరాదు.

1. గేర్ బాక్సు వద్ద కేబుల్ చివరను బయటి చేతి నుండి విడదీయవలెను.
2. బయటి చేతిని చేత్తో కదపవలెను. అది ఒక్కొక్క గాడిలో స్పష్టంగా పడుతూ కదిలితే గేర్ బాక్సు, స్విచ్చి బాగున్నట్లు. బిగుతుగా ఉంటే లోపం అక్కడే ఉన్నది.
3. గేర్ బాక్సు వైపు బాగున్నట్లయితే, కారులోని మీటను కదపవలెను. ఇంకా బిగుతుగా ఉంటే లోపం కేబుల్‌లోనో మీట వద్దనో ఉన్నది.
4. కేబుల్ పై చివరను కూడా విడదీసి మీటను మరల కదపవలెను. మీట తేలికైతే కేబులే దోషి. కాకపోతే మీట అడుగు భాగం శుభ్రపరచవలెను.
5. గేర్ బాక్సు వైపు బిగుతుగా ఉన్నట్లయితే, స్థాన స్విచ్చిని తీసి ఇరుసును మరల తిప్పి చూడవలెను. ఇప్పుడు తేలికగా తిరిగితే స్విచ్చి లోపం. అప్పటికీ బిగుతుగా ఉంటే గేర్ బాక్సు నిపుణుని సంప్రదించవలెను.

ఈ క్రమం పాటించడం వలన అవసరం లేని భాగాలను కొని మార్చే ఖర్చు తప్పుతుంది.

== సరిచేసే పద్ధతులు ==

=== మీట అడుగు భాగం ===

మీట చుట్టూ ఉన్న పెట్టెను విప్పే ముందు బ్యాటరీ తీగను తీసివేయవలెను. పసుపు రంగు తొడుగు గల తీగలు సాధారణంగా ఎయిర్ బ్యాగుకు చెందినవి, వాటిని ముట్టరాదు. ఎండిన చక్కెరను గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ప్లాస్టిక్‌కు హాని చేయని గ్రీజును కొద్దిగా రాయవలెను. సోలినాయిడ్ మీద, తీగల కలయికల మీద నీరు పడనీయరాదు.

=== కేబుల్ ===

తుప్పుపట్టిన కేబుల్‌లో నూనె పోయడం వలన కొద్ది రోజుల ఉపశమనం కలుగవచ్చును గాని అది మరమ్మతు కాదు. లోపలి పూత చెడిన కేబుల్‌ను మార్చవలసినదే. కొత్త కేబుల్‌ను పాతదాని దారిలోనే, మెలికలు లేకుండా, పొగగొట్టానికి దూరంగా తీసుకుపోయి, వేడి రక్షక రేకును తిరిగి బిగించవలెను. కేబుల్ బాగుండి బుష్ మాత్రమే చెడిపోతే, ఆ కారుకు విడిగా దొరికే పక్షంలో బుష్‌ను మార్చవచ్చును. తీగతోను, ప్లాస్టిక్ పట్టీతోను కట్టి నడపడం ప్రమాదకరం.

=== స్థాన స్విచ్చి ===

స్విచ్చిని విప్పే ముందు దాని అంచు వద్ద గేర్ బాక్సు మీద గీత గీసి గుర్తు పెట్టుకొనవలెను. తిరిగి అదే గుర్తుకు బిగించనట్లయితే ఇంజను తప్పు స్థానంలో స్టార్టు కావచ్చును. ఇరుసుపై తుప్పును వదిలించే నూనె చల్లి కొంతసేపు ఆగి మెల్లగా లాగవలెను. సుత్తితో కొడితే ఇరుసు వద్ద నూనె కారకుండా ఉంచే సీలు దెబ్బతింటుంది.

=== కేబుల్ సర్దుబాటు ===

కేబుల్‌ను తిరిగి తగిలించిన తరువాత మీట స్థానమూ గేర్ బాక్సు స్థానమూ ఒకటయ్యేటట్లు సర్దవలెను. ఏ స్థానంలో ఉంచి సర్దవలెనన్నది కారును బట్టి మారుతుంది కాబట్టి ఆ కారు మరమ్మతు పుస్తకాన్ని అనుసరించవలెను. ఉదాహరణకు పలు టయోటా కార్లలో పద్ధతి ఇది: కేబుల్ నట్టును వదులు చేసి, గేర్ బాక్సు బయటి చేతిని "పి" వైపు చివరి వరకు నెట్టి, రెండు గాడులు వెనుకకు తేవలెను. మొదటి గాడి "ఆర్", రెండవది "ఎన్". కారులోని మీటను కూడా "ఎన్"లో ఉంచి, దానిని "ఆర్" వైపు తేలికగా పట్టుకొని నట్టు బిగించవలెను.

== సరిచేసిన తరువాత పరీక్షలు ==

* ప్రతి స్థానంలోను మీట గాడిలో పడినట్లు చేతికి తెలియవలెను. సూచిక అదే అక్షరాన్ని చూపవలెను.
* బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి చూస్తే, ఇంజను "పి", "ఎన్"లలో మాత్రమే స్టార్టు కావలెను. "ఆర్", "డి"లలో కారాదు.
* "ఆర్"లో వెనుక తెల్ల దీపం వెలగవలెను.
* బ్రేకు తొక్కకుండా మీట "పి" నుండి రారాదు.
* మనుషులు లేని చోట, స్వల్పమైన వాలు మీద, కాలు బ్రేకుపై సిద్ధంగా ఉంచి, "పి"లో హ్యాండ్ బ్రేకును మెల్లగా వదలితే కారు నిలవవలెను.

వీటిలో ఏ ఒక్కటి తప్పినా సర్దుబాటు తిరిగి చేయవలెను.

== అత్యవసర విడుదల ==

బ్రేకు తాళం పనిచేయనప్పుడు మీటను విడుదల చేయడానికి చాలా కార్లలో మీట పక్కన చిన్న మూత గాని "షిఫ్ట్ లాక్" అనే బటన్ గాని ఉంటుంది. హ్యాండ్ బ్రేకు వేసి, బ్రేకు తొక్కి, మూత కింద తాళంచెవిని గాని స్క్రూడ్రైవరును గాని నొక్కి పట్టి మీటను "ఎన్"కు తేవచ్చును. ఇది కారును మరమ్మతు శాలకు చేర్చడానికి మాత్రమే. దీనినే నిత్యం వాడడం, తాళాన్ని శాశ్వతంగా తీసివేయడం చేయరాదు. కారులో ఒంటరిగా ఉన్న చిన్నపిల్లలు ఆడుకుంటూ మీటను కదపకుండా కాపాడేది కూడా ఆ తాళమే.

== నివారణ ==

కారును నిలిపేటప్పుడు బ్రేకు తొక్కి ఆపి, మీటను "ఎన్"కు తెచ్చి, హ్యాండ్ బ్రేకు వేసి, కాలి బ్రేకును కొద్దిగా వదిలి కారు బరువు హ్యాండ్ బ్రేకు మీద నిలిచిన తరువాత మరల బ్రేకు తొక్కి "పి"లో పెట్టవలెను. ఈ క్రమంలో పార్కింగ్ కొక్కెం మీద బరువు పడదు. కారును పైకి ఎత్తిన ప్రతిసారీ కేబుల్ చివరి రబ్బరు తొడుగులను, బుష్‌లను చూడడం మంచిది.

== భారతదేశంలో ==

భారతదేశంలో చాలాకాలం క్లచ్ గల కార్లదే ఆధిక్యం. 2014లో వచ్చిన మారుతి సెలేరియోతో, మామూలు గేర్ బాక్సుకే యంత్రంతో క్లచ్ నడిపే ఏఎంటి పద్ధతి చౌక కార్లలోకి ప్రవేశించినది. అటువంటి కార్లలో "పి" స్థానం ఉండదు కాబట్టి నిలిపినప్పుడు హ్యాండ్ బ్రేకు తప్పనిసరి. చదువు నిమిత్తం అమెరికా వెళ్ళే తెలుగు విద్యార్థులు అక్కడ పాత ఆటోమేటిక్ కారు కొనడం సాధారణం. అటువంటి కారును కొనే ముందు మీటను అన్ని స్థానాలకు కదిపి, పైన చెప్పిన పరీక్షలు చేసి చూడడం వారికి ఉపయోగకరం.

== ఇవి కూడా చూడండి ==

* ఆటోమేటిక్ గేర్ బాక్సు
* క్లచ్
* హ్యాండ్ బ్రేకు
* సోలినాయిడ్